భివండిలో మేఘానికి చొక్కా

పిల్లల కోసం బొమ్మల కథలు రాసి, నేనే అచ్చు వేయించుకుని, సంచీలో పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషిని నేను. కరీంనగర్‌లో మా ఇంట్లో మంచాల కింద అంతా పుస్తకాల కట్టలే. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేసి "మీ పుస్తకం బాగుంది మేడం" అంటారు. నేను పొంగిపోతాను. అంతటితో సరి. భివండి నుంచి స్వరూప అనే ఆవిడ పంపిన గొంతు సందేశం మాత్రం అలా లేదు.

"అక్కా, మా ఆడబిడ్డ సిరిసిల్ల నుంచి మీ 'మేఘానికి చొక్కా' పుస్తకం పంపింది. బొమ్మలు మస్తున్నయ్. మా బిడ్డ హారికకు చెవులు ఇనపడయ్. తొమ్మిదేండ్లొచ్చినయ్, ఇంతవరకు ఒక్క కథ తెల్వదు దానికి. మా అవ్వ చెప్పిన కథలన్నీ నా కడుపుల ఉన్నయ్. అవి నాతోనే పోతయా అని బుగులైతంది. గిది దానికి ఎట్ల చెప్పాలె అక్కా?"

పులి గొంతు ఎలా పెట్టాలి, పిల్లలు మధ్యలో లేచిపోతే ఏం చేయాలి, ఇలాంటివి అడిగితే గంట సేపు ఉపన్యాసం ఇవ్వగలను. దీనికి మాత్రం, "నేనే వస్తాను" అని చెప్పేశాను. తెలియని ప్రశ్న ఎదురైతే ప్రయాణం కట్టడం నా పాత అలవాటు.

కరీంనగర్ నుంచి భివండికి నేరుగా బస్సులున్నాయి. బస్సులో నా నడుము పట్టేస్తుంది కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం నిజామాబాద్ దాకా వెళ్ళి, అక్కడ ముంబై రైలు ఎక్కాను. మీరూ వెళ్ళదలచుకుంటే స్లీపర్ టికెట్ ముందుగానే చేయించుకోండి. ఆ దారిలో ఖాళీ బెర్తు దొరకడం కల్ల. రైలు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. ఎదురు సీటులో మెట్‌పల్లి పెద్దాయన ఒకరు భివండికే వెళ్తున్నారు. పెట్టె అంతటికీ వినిపించేలా మాట్లాడుతున్నారు.

"ఏమున్నయమ్మా సంచిల, గింత బరువు?"

"పుస్తకాలండీ. పిల్లల కథలు."

"మా మనుమలు తెలుగు మాట్లాడుతరు గని చదవరాదు. మరాఠీల ఏసుకరాకపోతిరి!" అని, నా మొహం చూసి జాలిపడ్డారేమో, మక్క గారెల డబ్బా ముందుకు తోశారు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో ఆయనకూ తెలుసు. "ముప్ఫయ్యేండ్లు సాంచాల నడుమ బతికిన బిడ్డా. మెల్లగ మాట్లాడితే నా మాట నాకే ఇనరాదు." సాంచాలంటే మరమగ్గాలు. నా పులిహోర ఆయనకూ, ఆయన గారెలు నాకూ బాగా నచ్చాయి.

తెల్లవారేసరికి కల్యాణ్‌లో దిగాను. స్టేషన్ బయట వడాపావ్, టీ. అక్కడి నుంచి భివండికి బస్సులో ఎంతసేపు పడుతుందనేది లారీల దయ. గోదాముల కోసం వచ్చిన లారీలు రోడ్డు నిండా ఉన్నాయి, మా బస్సు వాటి మధ్య నడక నేర్చుకుంటున్నట్టు కదిలింది. దిగి, స్వరూప వాళ్ళుండే కామత్‌ఘర్‌కు షేరింగ్ ఆటో ఎక్కాను. సందుల్లోకి వెళ్ళేకొద్దీ టకటకమనే చప్పుడు నేలలోంచి వస్తున్నట్టుంటుంది. కొంతసేపటికి అలవాటైపోతుందని డ్రైవర్ అన్నాడు. నాకు అలవాటు కాలేదు.

బస్టాండు దగ్గర లాడ్జి చూసుకుందామనుకున్నాను. స్వరూప ఒప్పుకోలేదు. "లాడ్జిల ఉంటరా? మేము సచ్చినమా?" అని నా సంచీ లాక్కుంది. వాళ్ళది ఒక్క గది, పైన అటక. ఆమె భర్త పక్కనే పూర్ణ అనే ఊళ్ళో గోదాములో పనికి వెళ్ళిపోయాడు. అత్త రాజవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. హారిక గోడకు ఆనుకుని నా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసింది. పుస్తకం వెనక అట్ట మీదున్న నా ఫోటో చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఫోటోలో నేను కొంచెం సన్నగా ఉంటాను. ఆ పిల్ల చూపులో ఆ విమర్శ స్పష్టంగా కనిపించింది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

స్వరూప కథ చెప్పే తీరు ఆ పొద్దున చూశాను. హారిక చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో మాటా సాగదీసి, గట్టిగా అరుస్తుంది. హారిక చెవికి మిషన్ పెట్టారు. అయినా చప్పుడు తెలుస్తుందే గాని మాట తెలియదట. రెండు మాటలయ్యాక ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. స్వరూప గొంతు బొంగురుపోయింది.

"రోజూ గంతే అక్కా," అంది.

ఆ మధ్యాహ్నం దగ్గర్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాల ప్రార్థన హాల్లో కథ చెప్పే ఏర్పాటు చేశారు. పాస్టరుగారి భార్య చాపలు పరిపించి, గుళ్ళకు వెళ్ళే ఇళ్ళ నుంచీ, మసీదు సందు నుంచీ కూడా పిల్లల్ని పిలుచుకొచ్చింది. పుస్తకాలు పంచగానే ఒక పిల్లాడు లేచాడు.

"ఆంటీ, తెలుగు సమఝ్ అయితది, పఢ్నా రాదు. మీరే చెప్పుండ్రి."

చెప్పాను. ఒక మేఘానికి చలేసి, నేతగాళ్ళ ఊళ్ళోకి దిగి చొక్కా అడుగుతుంది. ఎవరు టేపు పట్టినా కొలత కుదరదు. ఒకసారి ఏనుగంత అవుతుంది, ఒకసారి తోక మొలుస్తుంది. "నీ కొలతకు చొక్కా లేదు, పో" అని సేటు గెంటేస్తాడు. కుంటుతూ నడిచే ఒక పిల్ల మాత్రం, గుండీలు లేకుండా, అంచులు కుట్టకుండా, మేఘం ఎలా మారితే అలా మారే చొక్కా చేసి ఇస్తుంది. తెలుగూ హిందీ కలిపి, చేతులు ఊపి, గొంతులు మార్చి చెప్పాను. పిల్లలు చాపల మీద దొర్లి నవ్వారు. ముస్లిం పిల్ల ఒకతి మేఘానికి సల్వార్ కూడా కావాలంది.

హారిక ముందు వరసలో కూర్చుంది. అందరూ నవ్వగానే వాళ్ళ మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతోంది. అందరూ ఆపగానే ఆపేస్తోంది. నేను వచ్చిందే ఆ పిల్ల కోసం. అందరినీ కలుపుకునే కథ అని ఆ పుస్తకం గురించి నేను ఎన్ని చోట్ల గొప్పలు చెప్పుకున్నానో! కథ ముగిశాక చప్పట్లు కొట్టారు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

సాయంత్రం స్వరూప నార్పోలిలోని కార్ఖానాకు పనికి బయల్దేరింది. ఆమె అక్కడ కండెలు చుడుతుంది. పోగు చుట్టిన ఆ చిన్న కండె అయిపోతే మగ్గం ఆగిపోతుంది, కాబట్టి నేసేవాళ్ళకు ఎప్పటికప్పుడు అందిస్తూ ఉండాలి. హారిక టిఫిన్ డబ్బా పట్టుకుని వెంట వచ్చింది. నేనూ వస్తానన్నాను.

"లోపల మాటలు ఇనరావు అక్కా. మేము చేతులతోనే మాట్లాడుకుంటం," అంది స్వరూప దారిలో.

"మరి ఇంట్లో హారికతో ఆ చేతులతోనే మాట్లాడొచ్చు కదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "అవి సాంచాల చేతులక్కా. పోగు తెగింది, కండె తే, సేటు వస్తుండు, గంతే. అండ్ల కథలేముంటయ్? ఇంట్ల గట్ల ఊపితే మా అత్తమ్మ తిడుతది. ఇల్లు ఇల్లే, కార్ఖానా కార్ఖానే అంటది. చేతులు చూపిస్తే పిల్ల ఇంక నోరే తెరవదని ఆమె భయం."

ఇంటికి వచ్చేవాళ్ళు కార్ఖానా గేటు దగ్గర ఒంటి మీది పత్తి నూగు దులుపుకుంటారు. ఆ చేతుల మాటనూ అక్కడే దులుపుకుని వస్తారన్నమాట. వాళ్ళకది పని తాలూకు మురికి. రాజవ్వ కూడా మోకాళ్ళు అరిగేదాకా అదే కార్ఖానాలో కండెలు చుట్టిందట.

లోపలికి అడుగు పెట్టగానే చప్పుడు నా పళ్ళలోకి దూరింది. ఏదో అనబోయాను, నా గొంతు నాకే వినిపించలేదు. ఎల్లయ్య అనే నేతగాడు దూరం నుంచి వేలు పైకెత్తి గాలిలో గిరగిరా తిప్పాడు. స్వరూప కండె తీసుకెళ్ళి ఇచ్చింది. అతను నా చేతిలోని పుస్తకం చూసి, అరచెయ్యి విదిలించి 'ఏమిటది?' అని ఆమెను అడిగాడు.

స్వరూప కొంచెం సిగ్గుపడింది. తర్వాత తన జుట్టులోంచి పత్తి నూగు తీసి, అరచేతిలో పెట్టి, ఉఫ్ మని ఊదింది. భుజాలు రుద్దుకుంటూ వణికింది. ఎల్లయ్య బనీను పట్టి లాగింది. రెండు చేతులతో కొలత పట్టి, చేతులు పెద్దవి చేసింది, చిన్నవి చేసింది, తల కొట్టుకుంది. పొట్ట నిమిరి, బయటికి చెయ్యి చూపించింది. అంటే, సేటు గెంటేశాడు. ఎల్లయ్య మగ్గం మీద చెయ్యేసి నవ్వాడు.

హారిక డబ్బా కింద పెట్టేసి వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. తల్లి చేతుల్ని చూస్తోంది. ఎవరి మొహమూ చూడకుండా, ఎవరికంటేనూ వెనక పడకుండా, నవ్వింది. స్వరూప చేతులు గాలిలోనే ఆగిపోయాయి. తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా అటూ ఇటూ చూసింది.

అప్పుడు హారిక వేలు పైకెత్తి గిరగిరా తిప్పింది. ఇంకో కండె.

ఎల్లయ్య పాపం తన మగ్గం వైపు చూశాడు. కండె ఇంకా నిండుగానే ఉంది. స్వరూపకు మాత్రం అర్థమైంది. కథ తెగింది, ఇంకా తే అంటోంది ఆ పిల్ల. డబ్బా మోసుకుని ఎన్నేళ్ళుగా వస్తోందో, ఆ మాటలన్నీ దానికి ఎప్పుడో వచ్చు. ఎవరూ దానితో మాట్లాడలేదు, అంతే. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నూగు పడిందని చెప్పుకోవచ్చు గాని, నూగు కాదు.

పని అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా స్వరూప చేతులు ఆగలేదు. ఇంటి సందు మలుపు రాగానే రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. "అత్తమ్మ చూస్తే మళ్ల లొల్లి," అంది. హారిక తల్లి కొంగు లాగుతూనే ఉంది. చూడలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నా తిరుగు బస్సు. రైలు కోసం మళ్ళీ కల్యాణ్ దాకా వెళ్ళే ఓపిక లేక, నడుముకు నచ్చజెప్పుకున్నాను. మిగిలిన పుస్తకాలన్నీ ప్రార్థన హాల్లో ఇచ్చేశాను. స్వరూప జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. గడపలో రాజవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆటో సందు చివరకు వచ్చిందని నేను లేవబోతుండగా, హారిక తిన్నగా నాయనమ్మ ముందుకు వెళ్ళి నిలబడి, వేలు గిరగిరా తిప్పింది.

స్వరూప గరిటె పట్టుకుని బిగుసుకుపోయింది.

రాజవ్వ చెయ్యి దానంతటదే ఎడమవైపు నేల మీదికి వెళ్ళింది. కార్ఖానాలో ఆమె కూర్చున్నన్నాళ్ళూ కండెల గంప ఉండే చోటు అది. అక్కడ గచ్చు తప్ప ఏమీ లేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. "ఏందే గిది, ఇంట్ల..." అని గట్టిగా మొదలుపెట్టి, స్వరూపను చూసి, పిల్లను చూసి, ఆగిపోయింది. హారిక మళ్ళీ తిప్పింది.

రాజవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కణుపులు వాచిన రెండు చేతులూ పైకి లేచాయి.

అది నా మేఘం కథ కాదు. నీళ్ళున్నాయి, అది తెలిసింది. ఎవరో నిద్రపోతున్నారు. పొడుగాటిది ఏదో వచ్చింది, పామో తాడో దారో. ఆ తర్వాత చేతులు ఎంత వేగం అందుకున్నాయంటే, నాకు ఒక్క ముక్కా అందలేదు. హారిక నోరు తెరుచుకుని చూస్తోంది.

"స్వరూపా, ఏమంటోంది?" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా తిప్పలేదు చూపు. బయట ఆటో హారన్ కొట్టింది. ఎవరికీ చెప్పకుండానే చెప్పులేసుకున్నాను.

బస్సు కసారా ఘాట్ ఎక్కి టీ కోసం ఆగింది. దిగగానే ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా, పోయిరమ్మని గూడ చెప్పకపోతిమి," అంది స్వరూప.

"అది సరే. మీ అత్తమ్మ ఏం కథ చెప్పింది?"

"ఆమెకు చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పిందట. ఇన్నేండ్లయె, నాకు గూడ ఎన్నడు చెప్పలె. ఇంక చెప్తనే ఉందక్కా."

"నాకు చెప్పు మరి."

"ఒక చెరువుల... కాదక్కా, చెరువు గాదు అది, గట్ల..." మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి నవ్వేసింది. ఆ నవ్వు ఇంతకుముందు నేను వినలేదు. "నోటితోని రాదక్కా. నువ్వే వచ్చి చూడాలె."

భివండి వెళ్ళేవాళ్ళకు ఒకటే చెప్తాను, తిరుగు టికెట్ తొందరపడి తీసుకోకండి. బస్సు కదిలింది. పక్క సీటావిడ పళ్ళు కోసి ఇస్తే తీసుకున్నాను గాని తినలేదు. పిల్లలకు కథలు చెప్పడమే పనిగా పెట్టుకున్నదాన్ని. ఇప్పుడు ఆ గడపలో, ఆ పిల్ల పక్కన, చాప మీద నాకూ ఇంత చోటిస్తే చాలనిపిస్తోంది. కిటికీలో కొండల మీద చీకటి పడుతోంది, కామత్‌ఘర్ వెనక్కి వెనక్కి పోతోంది. ఆ కథ నాకు కావాలి.