పసుపు పెట్టిన కీ

రాజనర్సు రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటాలకు పెట్టగా మిగిలిన తడి పసుపును తన పనిముట్లకు పెట్టేవాడు. తాపీకి, కొలత టేపుకు, స్కూటరు ముందు చక్రానికి తలా ఒక బొట్టు. టెండర్లు డబ్బాలో వేసే కాలం పోయి కంప్యూటర్లో వేసే కాలం వచ్చాక, ఆ వరుసలో వేలెడంత డిజిటల్ సంతకం కీ కూడా చేరింది. అది గుచ్చితేగాని కంప్యూటరు టెండరు తీసుకోదు. టెండర్లు తెరిచేదాకా ఒకరి రేటు పోటీవాళ్లకు తెలియకూడదన్న పాత నియమం మాత్రం మారలేదు. చందూర్ కల్వర్టు పనికి గడువు ముగిసే రోజు అతను నిజామాబాద్ నెట్ సెంటర్లో చెప్పులు విడిచి, కంప్యూటరుకు దండం పెట్టి కూర్చున్నాడు. ఏడాదిగా చేతిలో పని లేదు, ఈ ఒక్కటైనా రావాలి. కీ మాత్రం లోపలికే పోలేదు.

పక్క కంప్యూటరు దగ్గర దేవిదాస్ అదే పనికి తన టెండరు అప్పుడే వేసి లేవబోతున్నాడు. తొంగి చూసి నవ్వాడు.

"ఏందే నర్సన్నా, కీల గింత పసుపు కూరినవ్? మార్కెట్ యార్డుల అమ్ముతవా ఏంది?"

"దేవునికి పెట్టి దీనికి పెట్టకుంటె ఎట్లనే?" అన్నాడు రాజనర్సు ఏడుపు మొహంతో.

దేవిదాస్ మళ్లీ కూర్చున్నాడు. అగ్గిపుల్లతో ఎండిన పసుపంతా ఓపికగా గీకి, ఊది, తన కండువాతో తుడిచి ఇచ్చాడు. ఈసారి కీ పనిచేసింది. దేవుడే దేవిదాస్ రూపంలో వచ్చాడని రాజనర్సుకు కళ్లు చెమర్చాయి. ఇక రేటు కొట్టాలి. అతను కీబోర్డు మీద అంకెలు వెతుక్కునేలోగా గడువు దాటిపోయేట్టుంది. రాజనర్సు దేవిదాస్ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గింత చేసినవ్, నా రేటు గూడ నువ్వే కొట్టు. జర కండ్లు మూసుకొని కొట్టు."