టెంబ్రింక్ వారి కన్ను

ఒక మాట పట్టుకుంటే వదిలే అలవాటు రోస్విథా టెంబ్రింక్‌కు చిన్నప్పటి నుంచీ లేదు. చదువవగానే "నేను కొట్లోకే వస్తాను" అంది. "ఆడపిల్లకి ఫ్రేములు మోసే ఖర్మేంటి?" అని తండ్రి ఫ్రీడ్‌హెల్మ్ కసిరితే, మర్నాడు పొద్దున్నే ఏప్రన్ కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

జర్మనీలోని ఆ చిన్న ఊరు హోల్ట్‌రుప్‌లో టెంబ్రింక్ వారి బొమ్మల కొట్టు తెలియనివాళ్ళు లేరు. తాత ఫ్రేములకు బంగారు రేకు అద్దేవాడు. కూలి ఇచ్చుకోలేని చిత్రకారులు తాము గీసిన బొమ్మలే చేతిలో పెట్టిపోతే, వాటిని గోడకు తగిలించి అమ్మడం మొదలెట్టాడు. దాన్ని పెద్ద వ్యాపారం చేసింది ఫ్రీడ్‌హెల్మ్. ఆ ఊళ్ళోనే బతికి 1889లో పోయిన చిత్రకారుడు ప్లెట్‌నర్ బొమ్మల విషయంలో ఫ్రీడ్‌హెల్మ్ మాటకు తిరుగులేదు. "ఇది ప్లెట్‌నర్‌దే" అన్నాడంటే అంతే సంగతులు. ఎనభై దగ్గర పడుతున్నా రోజూ టై కట్టుకుని వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాడు. కొట్టంతా కూతురే నడుపుతున్నా, ఆయన దృష్టిలో ఆమె ఇంకా ఫ్రేములు మోసే పిల్లే.

1994 వసంతంలో, మందుల షాపాయన భార్య హిల్లెన్ గారు ఒక ప్లెట్‌నర్ చిత్రం తెచ్చింది. భర్త పోయాడు, వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతోంది, ఇది అమ్మిపెట్టమంది. నది, ఆవులు, వెనక ఊరి చర్చి గోపురం. ఎప్పుడో ఫ్రీడ్‌హెల్మ్ తన చేత్తో అమ్మినదే.

రోస్విథా చూపు ఆ గోపురం దగ్గరే ఆగిపోయింది. మొన్న ఆదివారమే చర్చి హాల్లో కాఫీ తాగుతూ గోడ మీది పాత ఫోటోలు చూసింది. ప్లెట్‌నర్ కాలంలో ఆ గోపురం సూదిలా ఉండేది. ఆయన పోయాక పిడుగు పడి కాలిపోతే, తర్వాత గుండ్రటి టోపీలాంటి కప్పు కట్టారు. ఈ బొమ్మలో ఉన్నది గుండ్రటి టోపీ! ఇంకో ఊరి వ్యాపారి అయితే ఆరా తీసేవాడేమో. టెంబ్రింక్‌లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది ఆ టోపీనే, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

సాయంత్రం కొట్టు మూశాక తండ్రికీ, వ్యాపారంలో పాలున్న తమ్ముడు ఎకార్ట్‌కీ చెప్పింది.

"నా కన్ను తప్పంటావా?" ముసలాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మరి ప్లెట్‌నర్ సమాధిలోంచి లేచొచ్చి గీశాడా నాన్నా?"

"అక్కా, మెల్లగా మాట్లాడు" అన్నాడు ఎకార్ట్. "హాంబర్గ్ వేలంలో పడేద్దాం. మన చర్చి సంగతి అక్కడెవడికి తెలుసు?"

"నాకు తెలుసు కదరా."

"ఒకటి ఒప్పుకున్నావంటే ఊరంతా తెచ్చి మన నెత్తిన పడేస్తుంది. కొట్టు మూసుకోవాలి."

"మోసం చేసి నడపడం కంటే మూసుకోవడమే నయం!"

మర్నాడు హిల్లెన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పి, డబ్బు తిరిగిచ్చేసింది. "అయ్యో, ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఎంత గొప్పగా చూపించామమ్మా!" అంటూ ఆ పెద్దావిడ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. రోస్విథా ఆ బొమ్మను వీధి కిటికీలో పెట్టి, కింద అట్ట మీద ఇలా రాసింది: "దీన్ని ప్లెట్‌నర్ చిత్రమని మేమే అమ్మాం. కాదు. మా దగ్గర కొన్న ప్లెట్‌నర్లు తీసుకురండి, మళ్ళీ చూస్తాం."

ఫ్రీడ్‌హెల్మ్ రోడ్డు మీదే నిలబడి అది చదివాడు. లోపలికి రాకుండా వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట లేదు, ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కొట్టు పోయినా ఆమె తట్టుకోగలదు. తండ్రి మొహం తిప్పుకోవడం మాత్రం భరించలేకపోయింది. అయినా అట్ట తీయలేదు.

ఎదురింటి రొట్టెలాయన ఊరుకుంటాడా! "రోస్విథా గారూ, మా రొట్టెలు అసలువో నకిలీవో కాస్త చూసిపెడతారా?"

"మాడినవి వాసనకే తెలుస్తాయి లెండి, దానికి నేనెందుకు?"

జనం రానే వచ్చారు. చాలావరకు అసలువేనని తేలాయి. ఒకటి మాత్రం ప్లెట్‌నర్‌ది కాదని తేలింది, దానికీ డబ్బు కట్టింది. ఎకార్ట్ చిందులు తొక్కాడు, ఆమె చెవిన పెట్టలేదు.

ఒక శనివారం కొట్లో నలుగురు బొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. మూడోవాడు ఫ్రీడ్‌హెల్మ్. చంకలో దుప్పట్లో చుట్టిన మూట.

"నువ్వు ముందుకి రా నాన్నా."

"నా వంతొచ్చాకే వస్తాను."

వంతు వచ్చింది. దుప్పటి విప్పాడు. అమ్మానాన్నల మంచం పైన ఎప్పుడూ వేలాడుతుండే బొమ్మ, పెళ్ళినాడు ఆయన భార్యకిచ్చిన ప్లెట్‌నర్. నీళ్ళు తాగుతున్న ఆవులు.

"చూడు. మొహమాటపడకు."

రోస్విథా దీపం దగ్గరకు లాక్కుంది. ఆ ఆవుల కాళ్ళు, ఆ నీళ్ళ మీది తెల్లగీతలు, అన్నీ కిటికీలో బొమ్మ గీసిన చేతివే.

"ఇదీ కాదు నాన్నా."

ముసలాయన తల ఊపాడు. "మీ అమ్మ ఆ రోజే అంది, ఈ ఆవులేంటి మేకల్లా ఉన్నాయని. రెండ్రోజులు దానితో మాట్లాడలేదు నేను."

బొమ్మ తీసుకెళ్ళి తనే కిటికీలో, మొదటిదాని పక్కన నిలబెట్టాడు. తిరిగొచ్చి కుర్చీ వైపు వెళ్ళలేదు. కూతురి పక్కన నిలబడి, బల్ల మీది దీపం చేతిలోకి తీసుకుని ఎత్తి పట్టుకున్నాడు.

"నువ్వు చూడమ్మా, నేను దీపం పట్టుకుంటాను. ఆ, తర్వాత ఎవరండీ?"