మూడు బ్యాగులు కలిపి సర్దుకుని రాచర్ల నుంచి ఢిల్లీకి

మా ఊరి మరియమ్మత్త కూతురు ఢిల్లీలో నర్సు. ఆ పిల్లకు కాన్పయిందని ఫోన్ వస్తే అత్త బయల్దేరింది. నారాయణమ్మ పిన్నికి అక్కడే పని చేస్తున్న కొడుకును చూడాలని ఉంది. నాకు ఆఫీసు పని. ముగ్గురం ఒకే విమానానికి టికెట్లు తీసుకున్నాం. వాళ్లిద్దరికీ విమానం ఇదే మొదలు.

ఒక్కొక్కరికి పదిహేను కిలోల లగేజీ. పిన్ని మేకలు తూచే కాటా తెచ్చి వసారాలో వేలాడదీసింది. అత్త బ్యాగు బరువెక్కువ, నాది తేలిక. ముగ్గురి సామాన్లూ చాప మీద పోసి, బరువు సరిపోయేలా మూడు బ్యాగుల్లోకి సర్దేశాం. ఆ తెలివైన సలహా నాదే.

హైదరాబాద్ విమానాశ్రయం దాకా కారు మా ఊరి బాషాది. దోర్నాల మీదుగా వెళ్తే అడవి గేటు రాత్రి మూసి తెల్లారాకే తెరుస్తారు కాబట్టి, గిద్దలూరు, నంద్యాల, కర్నూలు దారి పట్టాలన్నాడు. ఎనిమిది వేలు అడిగాడు.

“ముగ్గురం ఒక్క కారే ఎక్కుతున్నాం గదా నాయనా, ఏంది అట్ల చెప్తావు?” అంది పిన్ని.

“తిరిగి ఖాళీగా రావాల పెద్దమ్మా!”

టోలుతో కలిపి ఏడు వేలకు దిగాడు. తెల్లవారుజామున బయల్దేరి, నంద్యాలలో ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి శంషాబాద్ చేరాం. సాయంత్రం విమానానికి ఆ మాత్రం ముందుండాలి.

లగేజీ ఇచ్చేసి కూర్చున్నామో లేదో, పిన్ని పేరు పిలిచారు. ముగ్గురం వెళ్లాం. తనిఖీ ఉద్యోగి బ్యాగు తెరిపించాడు. చీరల కింద ఎండు కొబ్బరి గిన్నెలు. బాలింత కోసం అత్త తెచ్చినవి.

“బ్యాగు మీరే సర్దారా అమ్మా?”

“ముగ్గురం కూర్చోని సర్దినాం నాయనా.”

అతను తల పట్టుకున్నాడు. “అలా చెప్పకూడదమ్మా. బ్యాగు ఎవరి పేరు మీద ఉంటే సామాను వాళ్లదే. ఎండు కొబ్బరికి నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుంది. విమానంలో పెట్టనివ్వరు.”

“తలా రెండు చేతిలో పట్టుకుంటాం,” అంది అత్త.

“చేతిలో కూడా కుదరదమ్మా.”

బాషా దగ్గర పనిచేసిన బేరం ఇక్కడ పనిచేయలేదు. పిన్ని తనవి కావని అంటుందేమోనని నాకు భయం వేసింది. వేరేవాళ్ల సామాను అంటే బ్యాగునే ఆపేస్తారు. పిన్ని అత్త వైపు చూడకుండానే, “నావే. తీసేయ్,” అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. “బిడ్డకు పాలు పడాలని తెచ్చినానక్కా,” అంది. నాకు చాలా సిగ్గుగా అనిపించింది.

ఢిల్లీలో బ్యాగులు తీసుకుని, పక్కకు జరిగి ఎవరివి వాళ్లకు పంచుకుంటున్నాం. అత్త బ్యాగులో పిన్ని నువ్వుల ఉండల డబ్బా ఉంది. కొడుకు కోసం చేసినవి. అత్త దాన్ని తీసి పిన్నికి ఇవ్వబోయింది.

“పేరు ఎవరిదో సామాను వాళ్లదే అని ఆయన చెప్పలేదా? అది నీ బ్యాగులో ఉంది, నీదే. పిల్లకు పెట్టు,” అని పిన్ని జిప్పు లాగేసింది.

విమానాశ్రయం నియమంలో తప్పేం లేదు, నిప్పు ఎవరినీ చూసి ఆగదు. కలిసి బేరమాడటం, కలిసి కారెక్కడం మాకు అలవాటు. ఆ అలవాటు తనిఖీ బల్ల దగ్గర మమ్మల్ని ఇరికించింది. నువ్వులు కూడా బాలింతకు మంచివేనని అత్త తర్వాత ఫోన్లో చెప్పింది. పిన్ని మాత్రం కొడుకు దగ్గరికి ఉత్తి చేతులతో వెళ్లింది.

మీరు వెళ్లేటప్పుడు కారు పంచుకోండి, బ్యాగు మాత్రం ఎవరిది వాళ్లే సర్దుకోండి. ఎండు కొబ్బరి ఇంట్లోనే ఉంచేయండి.