క్లారినెట్ మాస్టర్ జరీ కోటు

2022లో, మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గరపడుతున్న రోజుల్లో, కరీంనగర్‌లోని మా వెబ్ డిజైన్ ఆఫీసుకు చొప్పదండి నుంచి రాజమల్లు వచ్చాడు. పెళ్ళి బ్యాండుకు మాస్టర్, క్లారినెట్ వాయిస్తాడు. డీజేలొచ్చాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

"గీ సీజన్ల పెండ్లిళ్లు దొరకకుంటే మా మేళం ఇడిపోతది సార్. అందరు దుబాయికి పోతమంటుండ్రు" అన్నాడు.

ఆయన కోరింది ఒక్కటే. వెబ్‌సైట్ తెరవగానే జరీ కోటులో తన ఫోటో తెర నిండా కనబడాలి. ఆ కోటు ఫోటో కోసమే కుట్టించాడట! సరేనని పెట్టి, యూజబిలిటీ టెస్ట్‌కు రమ్మన్నాను.

ఈ టెస్ట్ బ్రహ్మవిద్యేమీ కాదు. సైట్ వాడబోయే మనిషి చేతికి ఫోనిచ్చి పక్కన కూర్చుని చూడటమే. కష్టమల్లా నోరు మూసుకోవడంలో ఉంది. నేను చూసిన ఓనర్లంతా "అక్కడ కాదు, ఇక్కడ నొక్కు" అని మధ్యలో దూరినవాళ్ళే.

మా ఆఫీసు కింద కుట్టుమిషను పెట్టుకున్న లక్ష్మక్క అప్పుడు కూతురి పెళ్ళి పనుల్లో ఉంది. పెళ్ళికి మేళం కుదుర్చుకుంటున్నట్టే చూడమని ఫోను ఆమెకిచ్చాను. మామూలు చొక్కాలో మూలన కూర్చున్న మనిషెవరో ఆమెకు చెప్పలేదు. ఆమె ఫోటోను పైకీ కిందికీ జరిపి విసిగిపోయింది.

"కోటు మంచిగనే కుట్టిండ్రు గని, పాట యాడున్నది తమ్మీ?"

రాజమల్లు ముఖం చిన్నబోయింది. అయినా పెదవి విప్పలేదు. బయటికొచ్చాక ఆయనే అన్నాడు:

"ఫోటో తీసెయ్యుండ్రి సార్. బరాత్ ఊరేగింపుల మేం ఎగిరెటోళ్ల కాళ్లు జూసుకుంటనే ఊదుతం. కాళ్లు ఆగితె పాట మార్చాలె గని, వాళ్లను తిడితె ఎట్ల?"

ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఫోటో తీసేసి పెద్ద పెద్ద బటన్లు పెట్టాను. ఎదుర్కోళ్ళు, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్. ఏది నొక్కితే ఆ వేడుకలో వాయించే పాట వినిపిస్తుంది.

మళ్ళీ లక్ష్మక్క దగ్గరికే వెళ్ళాం. ఈసారి తడుముకోకుండా అప్పగింతలు నొక్కింది. క్లారినెట్ మొదలైన కాసేపటికి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మా బిడ్డ పెండ్లికి గీయన వస్తడా తమ్మీ?"

నేను మూలకు చూశాను. రాజమల్లు పెదాలు బిగబట్టుకుని, మాట్లాడొచ్చా అని కళ్ళతోనే అడుగుతున్నాడు. తలూపాను.

"వస్తనక్కా" అంటూ లేచి నిలబడ్డాడు.

సైట్‌లో పాటలు విని పిలిచేవాళ్ళు పెరిగి, ఆ సీజన్‌లో మేళం విడిపోలేదు. వాడేవాళ్ళను గమనించాలని నేను చదువుకునే వచ్చాను. కానీ మనకెంతో ఇష్టమైనది వాళ్ళకు అడ్డమైతే, నొచ్చుకోకుండా తీసేయడం మాత్రం రాజమల్లు దగ్గరే నేర్చుకున్నాను.

లక్ష్మక్క కూతురి పెళ్ళికి ఆయన జరీ కోటు వేసుకొచ్చాడు. అక్కడ మాత్రం ఆ కోటును అందరం కళ్ళారా చూశాం.