అద్దం పెట్టి తీసిన పూలజడ ఫోటో

నన్ను చూడకముందే నా వీపు చూడాలనుకున్నారు మా అత్తగారివాళ్ళు. కాణిపాకం పక్క పల్లె నుంచి పెళ్ళిమాటలు మోసుకొచ్చిన పెద్దమనిషి మా వసారాలో కూర్చుని మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు అసలు సంగతి చెప్పాడు.

"పిల్ల ముకమూ కానరావాల, జడా కానరావాల. ఒకే ఫోటోలో రెండూ ఉండాల. ముందొచ్చిన కోడలికి సవరం పెట్టి వాళ్ళను మోసం చేసినారంట. అందుకే ఈ తూరి జాగర్త పడతా ఉండారు."

పశువుల పరసలో ఎద్దును కొనేవాడు కూడా మూతి పట్టి పళ్ళు చూస్తాడు, వెనక్కి పోయి తోక ఎత్తి చూస్తాడు. కానీ వాడు ఎద్దు చుట్టూ తన కాళ్ళతో తానే తిరుగుతాడు. వీళ్ళకు ఆ శ్రమ కూడా వద్దు. కూర్చున్న చోటికే పిల్ల రెండు వైపులూ రావాలి.

అందుకు ఆ రోజుల్లో ఉన్న ఉపాయం పూలజడ ఫోటో. పిల్లకు పూలజడ వేసి, వీపు కెమెరా వైపు ఉండేటట్టు కూర్చోబెట్టి, ఎదురుగా నిలువుటద్దాన్ని కాస్త వాలుగా తిప్పి పెట్టేవాళ్ళు. జడ నేరుగా పడుతుంది, ముఖం అద్దంలోంచి పడుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నడినెత్తి నుంచి నడుము కిందిదాకా మొగ్గలు కుట్టేశాక, లోపల ఉన్నది జుట్టో, సవరమో, కొబ్బరిపీచో ఎవరికి తెలుస్తుంది? సవరానికి భయపడి ఫోటో అడిగినవాళ్ళకు ఆ ఆలోచన రాలేదు. మాకు వచ్చింది గానీ మేం చెప్పలేదు.

నాకు తల్లి లేదు. నన్ను పెంచింది అవ్వ, అంటే మా అమ్మను కన్నతల్లి. కూతురు పోయాక, చంటిపిల్లనైన నాకోసం అల్లుడింటికి వచ్చి అక్కడే ఉండిపోయింది. తాత అంతకుముందే పోయాడు కాబట్టి ఆమెది తెల్లకోక, బొట్టులేని నుదురు. ఇంట్లో పెత్తనమంతా అత్తది. అత్త మా నాయనకు అక్క. శుభం ఏది, అశుభం ఏది అన్న విషయంలో అత్త చాలా గట్టి మనిషి. అవసరం వచ్చినప్పుడు మాత్రం ఆ గట్టితనం కొంచెం సాగేది.

చుట్టుపక్కల ఊళ్ళలో పూలజడ కుట్టడంలో అవ్వకు సాటి లేరు. బొట్టులేని చెయ్యి పెళ్ళిపనికి తగలకూడదని అత్త శాస్త్రం. అందుకని అవ్వ పెరట్లో కూర్చుని అరటిపట్ట మీద మల్లెమొగ్గలు, మధ్య మధ్య కనకాంబరాలు, మరువం కుట్టాలనీ, తయారైన జడను అత్త తన చేత్తో నాకు కట్టాలనీ తీర్పు చెప్పింది. కుట్టింది ఎవరో పూలు చెప్పవు కదా. అవ్వ చెయ్యి పనికొచ్చింది, ముఖమే పనికిరాలేదు.

నాకు ఒక్కటే కోరిక ఉండేది. పెళ్ళయితే నేను వెళ్ళిపోతాను, అవ్వ ఇక్కడే ఉండిపోతుంది. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు. మా అమ్మకూ లేదు. అమ్మ ఎట్లా ఉండేదో నాకు తెలియదు. అవ్వ ముఖమైనా నాతో రావాలని నా ఆశ. ధైర్యం చేసి నాయనను అడిగాను.

"నాయనా, అవ్వను గూడా నా పక్కన కూర్చోబెట్టు. ఫోటోకు ఎట్లాగూ పోతా ఉండాము కదా."

నాయన నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "పెండ్లి ఫోటోలో ఆయమ్మ యాడ కూర్చుంటాది మే? నీకు బుద్ధుండాదా?"

నాయన తల ఊపాడు. అత్త మాట్లాడినప్పుడల్లా తల ఊపడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. ఫోటోల గురించి ఆయనకు సొంత అభిప్రాయం ఒకటి ఉండేది. "మగోడు ఫోటో కోసరం నిలబడేది సిగ్గుమాలిన పని. పేరుండేటోనికి బొమ్మ ఏంటికి?" అని ఊరంతా వినేటట్టు చెప్పేవాడు.

తిరుపతికి బయలుదేరాం. మాకు చిత్తూరు దగ్గరే అయినా, తిరుపతిలో తీయిస్తే వియ్యాలవారికి లోకువ కామని నాయన లెక్క. యుద్ధం రోజులు. పెట్రోలు లేక బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సు అది. పూతలపట్టులో ఎక్కితే ప్రతి ఎత్తు దగ్గరా ఆగి దగ్గేది, మేం దిగి నడిచేవాళ్ళం. తడిగుడ్డలో, అరటాకులో చుట్టిన పూలజడను అవ్వ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారిలో మొగ్గలు రాలితే మళ్ళీ కుట్టడానికి మనిషి కావాలి కాబట్టి అవ్వ ప్రయాణానికి అత్త శాస్త్రం ఒప్పుకుంది.

ఫోటో తీసే ఆయన అరవం కలిసిన తెలుగు మాట్లాడే మనిషి. ఆయన గదిలో గోడంత గుడ్డ మీద ఏడు కొండలూ, గోపురమూ రంగుల్లో వేసి ఉన్నాయి. అలిపిరి దాకా కూడా నడవలేనివాళ్ళు దానిముందు గోవింద నామం పెట్టుకుని నిలబడి, కొండెక్కి దిగినంత ఆయాసంతో ఫోటో తీయించుకుని పోయేవాళ్ళు. మాకు కొండలు వద్దన్నాం. అప్పుడాయన చక్రాల మీద నిలిపిన నిలువుటద్దాన్ని ముందుకు తోసుకొచ్చి, సొంత బిడ్డను చూపించినట్టు చూపించాడు.

"ఇందులో ఆర్టు ఉండాది సామీ. ఒక పాపను రెండు పాపలు చేస్తాను. అయితే బొమ్మ పడే గాజు ప్లేటు ఒకటే మిగిలుండాది. యుద్ధం వల్ల సరుకు రాలేదు. ఎవరు కదిలినా పోతుంది."

అత్త నాకు జడ కట్టింది. అవ్వను గడప అవతల మెట్టు మీద కూర్చోమని చెప్పింది. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఫోటో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి తీసి, అద్దాన్ని అటూ ఇటూ జరుపుతూ నోరుజారి ఒక మాట అన్నాడు. "ఈ అద్దంలో నాకు పాప ఒకటే కాదు సామీ, ఆ మూలలో నిలబడిన మీరు కూడా కానొస్తారు."

మా నాయన ముఖం చూడాలి అప్పుడు. ఫోటో కోసం నిలబడితే కదా సిగ్గు. తన దారిన తాను నిలబడి ఉంటే అద్దమే వచ్చి పట్టుకుంటే ఆయనేం చేస్తాడు? వెంటనే కండువా సర్దుకున్నాడు. జేబులోని గడియారం గొలుసు బయటికి లాగాడు. వెండిపొన్ను చేతికర్రను ముందుకు పెట్టాడు.

"ఇప్పుడు కానొస్తానా అప్పా?"

"కొంజం కుడిపక్కకు రండి సామీ."

"నేను పడాలని కాదులే. పడితే గొలుసు కూడా పడాల గదా అని అడగతా ఉండాను."

చాలాసేపు ఇదే నడిచింది. నా మెడ నొప్పి పుట్టింది, మల్లెలు వాడుతున్నాయి. చివరికి ఫోటో ఆయన ప్లేటు పెట్టేశాడు. ఇక ఆయనకు కూడా లోపల ఏం పడుతుందో కనిపించదు. కెమెరా మూత మీద చెయ్యి వేసి "ఎవరూ కదలొద్దు" అన్నాడు. సరిగ్గా అప్పుడు మా నాయనకు అనుమానం వచ్చింది, గొలుసు పడదేమోనని. ఫోటో ఆయన చూపు మూత మీద ఉండగా చేతికర్ర చాపి అద్దం చట్రాన్ని ఇంకాస్త తిప్పి, గబగబా తన మూలకు పోయి నిలబడి మీసం మెలేయసాగాడు.

అద్దం తిరగగానే అందులోకి తలుపు వచ్చింది. తలుపులో గడప, గడప అవతల మెట్టు మీద అవ్వ. నా చెంప పక్కనే అవ్వ ముఖం కనిపించింది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. నాకు కనిపించింది కెమెరాకు కూడా కనిపిస్తుందో లేదో తెలియదు. నోరు విప్పితే అద్దాన్ని మళ్ళీ తిప్పేస్తారు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కదలొద్దన్న మాట లోకానికంతటికీ చెప్పారనుకుందో ఏమో, అవ్వ కూడా రెప్ప వేయలేదు. నా జీవితంలో అంత సంతోషంగా, అంత కదలకుండా నేను మళ్ళీ కూర్చోలేదు.

కొన్నాళ్ళకు నాయన ఫోటో తెచ్చాడు. మనిషి నల్లబడి ఉన్నాడు. అత్త చూసి ముక్కుమీద వేలేసుకుంది. నేను అత్త భుజం మీంచి చూశాను. జడ బాగా పడింది. నా ముఖం బాగా పడింది. నా ముఖం పక్కన అవ్వ, నుదుటి ముడతలతో సహా, ఎదురుగా కూర్చుని పలకరించేటట్టు ఉంది. ఆ వెనక, గడియారం గొలుసు ఉండాల్సిన చోట ఒక పొగ నిలబడి ఉంది. మీసం మెలేస్తూ కదిలిన పుణ్యానికి మా నాయన ఆవిరైపోయాడు.

అత్త కత్తెర తెచ్చింది. అవ్వను కత్తిరించాలంటే నా చెంప పోతుంది. అద్దం మొత్తం కత్తిరిస్తే నా తలకాయే ఉండదు, జడ ఒక్కటే మిగులుతుంది. జడ ఒక్కటే పంపితే చాలదా అని అత్త కాసేపు ఆలోచించిందంటే నమ్మండి. నేను నాయన కాళ్ళు పట్టుకున్నాను. "వాళ్ళకు ఎట్ల కావాలంటే అట్ల చేసి పంపించు నాయనా. ఇది మాత్రం నాకియ్యి."

"ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోగూడదు" అంది అత్త. నాయన తల ఊపి, దాన్ని తీసుకుపోయి నీళ్ళపొయ్యిలో వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంత వయసు వచ్చినా పూర్తిగా చల్లారలేదు.

తర్వాత నాయన మళ్ళీ తిరుపతికి పోయి, తనను తేటగా చేసి అవ్వను తీసేయమని ఫోటో ఆయనను అడిగాడు. లేనిదాన్ని తేలేననీ, ఉన్నదాన్ని మార్చగలననీ ఆయన చెప్పాడట. ప్లేటును గీకి, పెన్సిలుతో దిద్ది, తన ఆర్టంతా చూపించాడు. కొత్త ఫోటోలో పొగగా ఉన్న నాయన నున్నటి స్తంభమయ్యాడు. అవ్వ ఉన్నచోట పింగాణీ పూలకుండీ ఒకటి వెలిసింది. తెల్లకోక కుండీ అయింది, ముఖమున్న చోట పూలగుత్తి వచ్చింది.

కాణిపాకం పక్కవాళ్ళకు ఫోటో తెగ నచ్చింది. నా జడనో, ముఖాన్నో మెచ్చుకున్నట్టు కబురేం రాలేదు. "వాళ్ళింట్లో స్తంభాలుండాయి, పింగాణీ సామాన్లుండాయి, మంచి గట్టి కుటుంబమే" అన్నారట. సంబంధం ఖాయమైంది. మా ఇంట్లో ఉన్నవి రెండు వేపదూలాలు, ఒక ఊరగాయ జాడీ. నాయన ఆ మాట దిద్దలేదు. స్తంభం తానేనని మాత్రం చెప్పగలడా?

ఇంకో ప్రతి మా ఇంటికి వచ్చింది. పెళ్ళికి సామాన్లు సర్దుతున్నప్పుడు దాన్ని నా పెట్టెలో పెట్టమని అత్త ఇచ్చింది. అవ్వకు అప్పటిదాకా ఎవరూ చూపించలేదు, నాకూ చూపించాలని లేదు. పెరట్లో చింతపండు గింజలు తీస్తూ ఆమే పిలిచింది.

"ఏదీ, ఈడకు తే. సూద్దాం."

"నువ్వు లేవులే అవ్వా. ముందు నువ్వు పడినావు, నేను సూసినాను. నిన్ను చెరిపేసి పూలకుండీ చేసినారు." చెబుతుంటే కోపంతో ఏడుపు వచ్చింది.

అవ్వ చేతులు కోకకు తుడుచుకుని ఫోటో అందుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వేలితో నా ముఖాన్ని తడిమింది. తర్వాత ఆ వేలు పక్కకు జరిపి కుండీ మీద పెట్టి, పైకి పోనిచ్చి, పూలగుత్తి దగ్గర ఆపింది.

"మీ తాత పోయినకాడ్నుంచీ నా తలకు పూలు తగల్లేదు. సూడు, ఈ అరవాయన పెట్టినాడు" అంది. మళ్ళీ ఒకసారి కళ్ళు చికిలించి చూసింది. "ఏం పూలే ఇవి?"

నేను వంగి చూశాను. పెన్సిలుతో పొడిచిన చుక్కలు తప్ప అక్కడేమీ లేదు.

"మల్లెలవ్వా" అన్నాను.