దేవదానం మాస్టారు రైలు సామాను ఎక్కడ కొన్నారంటే

దేవదానం మాస్టారు పోయారన్న కబురు తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుండగా నాకు అందింది. అటెండరు గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆ మాట నా చెవికి చేరింది గాని బుద్ధికి చేరలేదు. సెలవు పెట్టి, పొద్దున్నే పటమట సెంటర్లో బందరు బస్సెక్కుతూ నాకు చెయ్యూపిన మనిషి మధ్యాహ్నానికి లేకుండా పోవడమేమిటి? సుద్దముక్క బల్లమీద పడేసి వాళ్ళింటికి పరుగులాంటి నడక నడిచాను. బందరు పక్కనున్న చిలకలపూడి నుంచి తిరిగివచ్చి, మంచంమీద కూర్చుని, మంచినీళ్ళడిగి, గ్లాసు చేతికి అందేలోగా పక్కకు ఒరిగిపోయారట. ఆయన గుడ్డసంచి ఇంకా మేకుకు వేలాడుతోంది. అందులో పాత పేపరులో చుట్టిన ఇత్తడి తీగచుట్ట ఉంది. తన రైలుపట్టాల కోసం తెచ్చుకున్నది.

వారి సంఘంవారు "ప్రభువునందు నిద్రించారు" అన్నారు. ఆ శాంతి ఆయనకు తగినదే. కాని ఆయన కన్నుమూశాక ఈ ఊరు మాట్లాడుతున్న మాటలు వింటుంటే నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

తెలియనివారికోసం చెబుతున్నాను. దేవదానం మాస్టారు మా హైస్కూల్లో సైన్సు ఉపాధ్యాయులు. నేను అక్కడే తెలుగు పండితుణ్ణి. ఆయన పెరటి వరండాలో చెక్కబల్లల మీద ఒక చిన్న రైలుమార్గం ఉంది. కృష్ణా కెనాలు స్టేషన్లో బయలుదేరి, నది మీది వంతెన దాటి, బెజవాడ ప్లాట్‌ఫారం చేరే మార్గం. వంతెన స్తంభాలు, సిగ్నలు చేతులు, నీళ్ళ ట్యాంకు, అన్నీ జానెడు బెత్తెడు కొలతల్లో ఉంటాయి. ఆదివారం ఆరాధన అయిపోయాక వీధి వీధంతా ఆ వరండాలోనే ఉండేది. రైలు ప్లాట్‌ఫారం మీదికి రాగానే మాస్టారు పోర్టరులాగా గొంతు సాగదీసి "బెజవాడా... బెజవాడా..." అని పిలిచేవారు. ఆ పిలుపు కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. అందులో నేనొకణ్ణి.

ఇక సంతాపసభ సంగతి. మా స్కూలు హాల్లోనే జరిగింది. ఒక వక్త లేచి, పాపం ఆయనకు బొమ్మల పిచ్చి అన్నాడు. సరే, అజ్ఞానమని ఊరుకున్నాను. తర్వాత వన్‌టౌన్లో ఫారిన్ సామాన్ల దుకాణం నడిపే పెద్దమనిషి లేచాడు. ఆయన పేరు రాసి ఆ దుకాణానికి ఉచితంగా ప్రచారం చేసిపెట్టే ఉద్దేశం నాకు లేదు, షావుకారనే అంటాను. ఆ షావుకారు మెడలో కండువా సర్దుకుని, "మాస్టారు మాకు పాత ఖాతాదారండీ. ఆ రైలంతా జర్మనీ సరుకు. మా కొట్లో కొన్నదే" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. సంతాపసభలో చప్పట్లు! చచ్చినవాడు లేచివచ్చి కాదనలేడు గదా అని ఎంత ధీమా!

నేను లేచి అది అబద్ధమన్నాను. హెడ్మాస్టరుగారు నా ఉత్తరీయం పట్టుకుని కిందికి లాగి, ఇది సందర్భం కాదండీ శాస్త్రిగారూ అన్నారు. మనిషిని స్మరించేచోట ఆ మనిషిని గురించిన నిజం చెప్పడం సందర్భం కాకపోతే మరేది సందర్భమో ఆయనే సెలవియ్యాలి. అక్కడ మింగిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. దేవదానం మాస్టారి యావజ్జీవిత తపస్సు ఆ రైలు. ఆ రైలు సామాను ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు అన్న వివేకంలోనే ఆ తపస్సంతా ఉంది. దాన్ని పట్టుకెళ్ళి ఎవరి కొట్టుకో తోరణం కడతారా?

నిజమే, షావుకారు కొట్టుకు ఆయన వెళ్ళారు. ఒకే ఒక్కసారి కొన్నారు. నిగనిగలాడే విదేశీ బొమ్మ ఇంజను. కొన్ని ఆదివారాలు పరుగెత్తి, ఒకనాడు చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. తీసుకెళ్ళి చూపిస్తే, ఫారిన్ సరుకుకు రిపేర్లుండవు, పారేసి ఇంకోటి తీసుకోండి అన్నాడట షావుకారు. మాస్టారికి కోపం రాలేదు. కోపం ఆయన తరఫున నేనే పడేవాణ్ణి ఎప్పుడూ. ఆయన మాత్రం ఆశ్చర్యపోయారు. "తను అమ్మిన వస్తువు లోపల ఏముందో ఆయనకే తెలీదండీ శాస్త్రిగారూ. తెలియని మనిషి దగ్గర ఎలా కొంటాం?" అన్నారు.

ఆనాటినుంచి ఏ దుకాణం మెట్టెక్కినా ఆయన ధర అడిగేవారు కారు. మొదటి ప్రశ్న ఒకటే: "ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారండీ?" పాడవదండీ, గ్యారంటీ అన్నవాడికి నమస్కారం పెట్టి దిగిపోయేవారు. ఆ నమస్కారాలకు నేను సాక్షిని. మద్రాసు వెళ్ళినప్పుడు ఎండలో నన్ను వెంటేసుకుని బజారు బజారంతా తిరిగి, ప్రతి కొట్లోనూ ఆ ప్రశ్నే అడిగి, ప్రతి కొట్లోనూ దండం పెట్టి, చివరికి ఉత్తచేతులతో రైలెక్కారు. నా కాళ్ళు బొబ్బలెక్కాయి. ఇంత దూరం దండాలు పెట్టడానికొచ్చామా అని విసుక్కున్నాను. ఆయన నవ్వి, మన ఊళ్ళో ఇంకా అడగలేదుగదండీ అన్నారు.

మన ఊళ్ళో అడిగారు. గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే మస్తాన్ గారు చిన్న మోటార్లకు తీగ చుడతారని తెలిసి వెళ్ళారు. వెంట నేనూ ఉన్నాను. ప్రశ్న అడిగారు. మస్తాన్ గారు తలెత్తకుండానే, "పాడవుతుంది సార్. ఎందుకు పాడవదు? అయినప్పుడు నేనిక్కడే ఉంటా గదా" అన్నారు. మాస్టారి మొహం చూడాలి అప్పుడు! పెళ్ళిసంబంధం కుదిరినంత సంబరపడిపోయారు. ఆ మోటారు ఎన్నిసార్లు కాలిపోయిందో, మస్తాన్ గారు ఎన్నిసార్లు మళ్ళీ చుట్టారో లెక్కలేదు. ఆ సంబంధం మాత్రం చివరిదాకా నిలిచింది.

పెట్టెలకీ ఇంజను ఒంటికీ కొండపల్లి. అక్కడ బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్ర దూదంత తేలిక, చిన్న మోటారు కూడా సునాయాసంగా లాగుతుంది. ఏనుగు అంబారీలు చెక్కే చేతులు థర్డుక్లాసు పెట్టెలు చెక్కాయి. పట్టాలకు చిలకలపూడి. రోల్డుగోల్డు నగలు చేసే ఆ ఊళ్ళో పనివారు సన్నటి కంతలున్న కమ్మచ్చులోంచి తీగను కోరినంత సన్నగా లాగుతారు. మొదటిసారి మేం వెళితే అక్కడి పెద్దాయన ఎన్ని పేటల గొలుసండీ అని అడిగాడు. "గొలుసు కాదండీ, రైలుపట్టాలు" అన్నారు మాస్టారు. ఆ పెద్దాయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి వాళ్ళావిడను పిలుచుకొచ్చి, ఆ మాట మళ్ళీ అనమన్నాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వడం అయ్యాక, వంకరపోతే పట్టుకురండి, మళ్ళీ లాగి ఇస్తానన్నాడు. అంతే, దేవదానం మాస్టారు ఆ గడపకు బద్ధులైపోయారు. ఆఖరి ప్రయాణం కూడా అక్కడికే.

దీన్నా జర్మనీ సరుకనేది?

అసలు ఈ జర్మనీ మాట కొత్తది కాదు. ఎమర్జెన్సీ రోజుల్లో, స్మగ్లింగు అనే మాట చెవినపడితేనే జనం తలుపులేసుకునే కాలంలో, ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, మాస్టారి ఇంట్లో దొంగతనంగా దిగుమతైన రైళ్ళున్నాయని. ఎవరు రాశారో నేను ఊహించగలను, కాని రుజువు లేని మాట రాయను. ఒకనాడు పొద్దున్నే ఇద్దరు అధికారులు వచ్చారు. వీధి మూగింది. ఆదివారం ఆదివారం వరండాలో కూర్చుని మాస్టారి భార్య కరుణమ్మగారు పోసిన టీలు తాగినవాళ్ళే, గోడ అవతల నిలబడి గుసగుసలాడారు. అంతమందిలో ఒక్క నాలుక ఆయన పక్షాన కదిలిందా? లేదు. మాస్టారు ఏ సామాను ఎక్కడిదో నిదానంగా చెప్పారు. పెద్ద అధికారి నల్లటి ఇంజను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది మన దగ్గర చేసిందంటే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు.

ఆ ఇంజను మాస్టారి ప్రాణం. దానికి నలుపు ఎక్కించడానికి ఆయన పూతమీద పూత వేసి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, ఒక వేసవి సెలవులన్నీ ధారపోశారు. ఆయన వంటింట్లోకి వెళ్ళి చాకు తెచ్చారు. ఇంజనును ఒళ్ళో పెట్టుకుని బాయిలరు మీద ఒక పక్కంతా గీకేశారు. నల్లటి పెళ్ళలు ఆయన పంచెమీద రాలాయి. లోపల్నుంచి తెల్లపొణికి కర్ర తెల్లగా బయటపడింది. "కొండపల్లి కర్రండీ. వాసన చూడండి" అన్నారు. అధికారి వాసన చూశాడు. క్షమించమని ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు. నేను గేటుదాకా వెంటబడి అరుస్తుంటే మాస్టారు వచ్చి నా భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయారు.

ఆ మచ్చకు ఆయన మళ్ళీ రంగు వెయ్యలేదు. ఎన్నిసార్లు పోరానో! "ఉండనివ్వండి శాస్త్రిగారూ. ఇంకెవరైనా అడిగితే మళ్ళీ గీకే పనుండదు" అనేవారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అడగకుండానే, ఆయన పోయాక, చప్పట్ల మధ్య తేల్చేశారు.

సభ అయిన వారానికి షావుకారు మాస్టారి ఇంటికి వచ్చాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. నేను అప్పటికే అక్కడున్నాను, వరండాలో కరుణమ్మగారికి ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఇంజనును తన కొట్లో అద్దాల షోకేసులో పెడతాడట, పైన మాస్టారి పేరు రాయిస్తాడట. ఊరంతా చూస్తుందట. ఆ పక్కన పోయిన రంగు కూడా తనే వేయిస్తాడట, మచ్చ కనిపించకుండా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను. కరుణమ్మగారు నావైపు ఒక్క చూపు చూశారు. మూసుకున్నాను.

ఆవిడ లేచి, ఇంజనును తెచ్చి బల్లమీద పెట్టారు. తెల్లమచ్చ పైకి కనిపించేలాగా పెట్టారు. చాలా మర్యాదగా అడిగారు.

"ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారండీ?"

షావుకారు నవ్వాడు. "అద్దాల్లో ఉండేదానికి పాడవడమేమిటండీ అమ్మగారూ?"

"అయితే వద్దులెండి" అన్నారావిడ. ఇంజను మీద తుండుగుడ్డ కప్పి, "టీ తాగి వెళ్ళండి" అన్నారు. అన్నమాట ప్రకారం టీ కూడా ఇచ్చారు. నేనైతే మంచినీళ్ళు కూడా ఇచ్చేవాణ్ణి కాను.

వాళ్ళు వెళ్ళాక మేకుకున్న గుడ్డసంచి దించి, తీగచుట్ట పైకి తీశారు. బెజవాడ స్టేషను దగ్గర పట్టా అరిగిపోయిందని, అది మార్చడానికే ఆయన ఈ తీగ తెచ్చారని చెప్పారు. "మస్తాన్ గారికి కబురు పెట్టండి శాస్త్రిగారూ" అన్నారు.

ఇటువంటి వ్యాసాల చివర దివంగతుల ఆత్మకు శాంతి కోరడం మర్యాద. దేవదానం మాస్టారి ఆత్మకు నా బోటి కోపిష్ఠి పూచీ అక్కర్లేదు. ఆయన వంటి ఉపాధ్యాయుడు మళ్ళీ వస్తాడా అంటే, రాడు. ఆ కుర్చీలో ఎవరినైనా వేస్తారు. ఆ ప్రశ్న అడిగే మనిషిని ఎక్కణ్ణించి తెస్తారు? దుకాణంలోనే కాదు, మనం ఈ దేశంలో నెత్తికెత్తుకునే ప్రతిదాని ముందూ నిలబడి అడగవలసిన ప్రశ్నే అది. అడిగినవాడికి మనం చేసిన సత్కారం చాకు చేతికివ్వడం. ఆ సిగ్గు ఈ ఊరిది. ఆ మచ్చను ఎవరి రంగులూ కప్పకూడదు.

మొన్న ఆదివారం మస్తాన్ గారు వచ్చి కొత్త పట్టా అమర్చారు. కరుణమ్మగారు చక్రాలకు నూనె వేశారు. వీధి మళ్ళీ వచ్చింది. గోడ అవతల నిలబడినవాళ్ళు కూడా వచ్చారు, ఆవిడ అందరికీ టీ పోశారు. రైలు కృష్ణా కెనాల్లో బయలుదేరి, వంతెన దాటి, కొత్త పట్టా మీద ఎక్కడా తడబడకుండా వచ్చి, తెల్లమచ్చ మావైపు తిప్పుకుని ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. అందరూ పిలుపు కోసం చూశారు. అలవాటు. తర్వాత ఒక్కొక్కరే నావైపు తిరిగారు, ఈ పేటలో నాదే పెద్ద గొంతు గదా. నోరు తెరిచాను. బెజవాడ అన్న మాట నా గొంతులోంచి రాలేదు.