వంకాయ మడిలో వెలసిన అమ్మవారు

మీ పెరట్లో నేలకు చిన్న చిన్న కన్నాలు పడితే మీరు ముందు వెతికేది దేవుణ్ణా, చీమల మందునా? మూడోది మీకు తోచదని నాకు తెలుసు. ఎలా తెలుసో చెబుతాను.

కొత్తగా ఉద్యోగంలో చేరి, అల్వాల్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటున్న ఆ రోజుల్లో, గట్టిగా ప్రశ్నిస్తే చాలు లోకం మారిపోతుందని నా నమ్మకం (నాకు నమ్మకాలు లేవని చెప్పుకుంటూనే). ఆ శ్రావణంలో పెద్దమ్మ వంకాయ మడి పక్కన, చూరు కింద తడవని మట్టిలో, పెన్ను దూరేంత కన్నాలు పడ్డాయి. పుట్ట మొలుస్తోందని పెద్దమ్మ అక్కడ ఎవరినీ తవ్వనివ్వలేదు, పసుపు కుంకుమ చల్లింది, నాగుల పంచమికి పాలు పోయడానికి వాడకట్టు ఆడవాళ్లను పిలిచింది. నిజానికి ఆ కన్నాలు పుట్టవి కావు. అవి నేలలో గూడు పెట్టుకునే తేనెటీగల ఇళ్లు. ఒక్కో కన్నం ఒక్కో తల్లిది. పొట్ట మీద నీలి చారలున్న ఆ తల్లి పుప్పొడి మోసుకొచ్చి లోపలికి దూరడం నేను రోజూ కూర్చుని చూసేవాణ్ణి. చేత్తో నలిపితే తప్ప కుట్టదు. పాలు పోస్తే లోపలి పిల్లలన్నీ మునిగి చస్తాయి.

ఇక ఉపన్యాసం ఎత్తుకున్నాను. పాము పాలు తాగదన్నాను, పుట్ట కట్టేది చెదలన్నాను, దేవత ఉంటే రుజువు చూపమన్నాను. భోజనాల దగ్గరా వదల్లేదు, టీవీ ముందరా వదల్లేదు. పంచమి ముందు రోజు పెద్దమ్మ అలసిపోయి అడిగింది.

"అయితే అమ్మవారు కాదంటవ్. ఉత్త ఈగలేనా?"

"ఉత్త తేనెటీగలే పెద్దమ్మా."

"గా ముక్క ముందే చెప్తే అయిపోతుండె గదరా. చీమల మందు చల్లుదం."

నా జీవితంలో పూర్తిగా గెలిచిన వాదం అదొక్కటే. ఆ ఈగలు పూలను వణికించి పుప్పొడి రాలిస్తేనే వంకాయలు బాగా కాస్తాయని మొత్తుకున్నాను. వంకాయలు మార్కెట్‌లో దొరుకుతాయంటూ ఆమె మందు డబ్బా మూత తీసింది.

"ఆగు పెద్దమ్మా. ఒకవేళ అమ్మవారే అయితే?"

డబ్బా ఆగింది. "నువ్వేనా అనేది?"

"నేనే. కానీ ఈ అమ్మవారు పాలు ముట్టదు. తవ్వొద్దు, తొక్కొద్దు, తడపొద్దు. దూరం నుంచే దండం."

"నీకెట్ల ఎర్కరా?"

"కలలో చెప్పింది."

పెద్దమ్మ కళ్లు చెమర్చాయి. మరునాడు వాడకట్టంతా మడి అవతల నిలబడి దండం పెట్టింది. పక్కింటి అత్తయ్య తన కొడుకు ఉద్యోగం సంగతి కూడా కలలో జెర కనుక్కోమని బతిమాలింది. రుజువులు అడిగేవాణ్ణి పూజారినయ్యాను. నా అమ్మవార్లు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా పూలకూ కన్నాలకూ మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

కుర్రాడిగా ఉన్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటే దిగులూ వస్తుంది. నేను నిజం చెబితే ఆ ఈగలు చచ్చేవి, అబద్ధం చెబితే బతికాయి. ఇందుకేనా ఇన్ని పుస్తకాలు చదివింది, ఇన్ని సభల్లో గొంతు చించుకున్నది? మీరు చదువుకున్నవారు. మీ కోసం కూడా నా చేత దొంగ కలలు చెప్పించకండి. రేపు పార ఎత్తే ముందు వంగి చూడండి. కన్నంలోంచి ఈగ బయటికొస్తే, ఆ జానెడు నేలను దానికి వదిలేయండి. ఏ దేవతా లేకుండానే వదిలేయండి.